గేటు దగ్గర మొహం అడిగితే ఇవ్వాలా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది నెల్లూరు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. కొత్తగా వచ్చిన అసోసియేషన్ కమిటీ గేటు దగ్గర మొహం చూసి తలుపు తీసే మెషిన్ పెట్టింది. మా అమ్మ, పనిమనిషితో సహా అందరం యాప్‌లో మొహం స్కాన్ చేయించుకుని, ఆధార్ రెండు వైపులా అప్‌లోడ్ చేయాలట. లేకపోతే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి గేటు తియ్యరట. నేను ఒప్పుకోలేదు. ఈలోగా మా అమ్మ తెల్లవారుజామున పూజకని కింద తోటలో నాలుగు మందారాలు కోసింది. ఆ సీసీ కెమెరా క్లిప్పును ‘పూల దొంగ’ అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 500 రూపాయలు జరిమానా కట్టమన్నారు. అమ్మ అప్పట్నుంచి లిఫ్టు కూడా ఎక్కడం లేదు. వీళ్ల మీద ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెట్టొచ్చా? అద్దెకున్నవాళ్లకు ప్రశ్నించే హక్కు లేదని సెక్రటరీ గారంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో రెండు తగాదాలున్నాయి. ఒకటి మొహం, రెండోది మందారం. రెండూ ఒకే కాగితం మీద రాసిచ్చారంటే కమిటీ వాళ్లు మీటింగంతా మందారం గురించే మాట్లాడతారు. మొహం సంగతి టీ బిస్కెట్ల వేళకు ఎవరికీ గుర్తుండదు. అందుకని విడివిడిగా చూద్దాం.

ముందుగా, 66ఏని మరిచిపోండి. ఆన్‌లైన్‌లో నొప్పించే సందేశాలు పంపితే శిక్ష వేసిన సెక్షన్ అది. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేశాక కూడా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు కడుతూనే ఉంటే, 2022లో కోర్టు మళ్లీ పిలిచి ‘అది లేదు’ అని చెప్పాల్సి వచ్చింది. ఉన్నప్పుడు కూడా అది పూల తగాదాలకు పెట్టింది కాదనుకోండి.

ఇక ఆధార్. ఈ విషయంలో మీరున్న ఊరికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. ఆధార్‌ను కట్టిన యూఐడీఏఐకి మొదటి చైర్మన్ నందన్ నీలేకని ఈ ఊరాయన. దాని మీద 2012లో సుప్రీంకోర్టుకెక్కిన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కూడా ఈ ఊరాయనే. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్లు. ఆయన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టాన్ని నిలబెడుతూనే, ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరుతో ఆధార్ అథెంటికేషన్, అంటే యూఐడీఏఐ రికార్డుతో సరిచూడటం, అడిగే వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేశారు. 2019లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు మనం ఇష్టపడి ఆధార్‌ను గుర్తింపుగా చూపించొచ్చు. ఇష్టపడి, అన్న మాటను మీ సెక్రటరీ గారికి రెండుసార్లు చదివి వినిపించండి.

అదే సవరణతో వచ్చిన 8ఏ సెక్షన్ మీకు ఇంకా పనికొస్తుంది. ఆఫ్‌లైన్‌లో, అంటే యూఐడీఏఐ సర్వరును అడగకుండా, ఆధార్ సరిచూసుకునే ఏ సంస్థ అయినా మీ అనుమతి తీసుకోవాలి, ఏ వివరం ఎందుకు వాడతారో చెప్పాలి, ఆధార్ బదులు ఇంకేం ఇవ్వొచ్చో కూడా చెప్పాలి. ఆధార్ నంబరును గానీ, వేలిముద్రల్లాంటి బయోమెట్రిక్‌ను గానీ సేకరించి దాచుకోకూడదు. ‘మేం సరిచూడటం లేదు, కాపీ మాత్రమే పెట్టుకుంటున్నాం’ అని వాళ్లు తెలివిగా అనొచ్చు. సరిచూడనప్పుడు ఆ కాపీ దేనికని అడగండి. ఫొటోషాప్‌లో చేసిన ఆధార్‌ను అసలుదాని నుంచి వేరుచేసే విద్య గార్డుకూ లేదు, యాప్‌కూ లేదు. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను యూఐడీఏఐ స్కానర్‌తో చూస్తే నిమిషంలో నిజం తెలుస్తుంది. అప్పుడు దాచుకోవడానికేమీ మిగలదు. బహుశా ఆ పద్ధతి నచ్చకపోవడానికి కారణం అదే.

2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ ఫొటోకాపీ ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు కాపీలు తీసుకోకూడదు అని. చాలా మంచి మాట. రెండు రోజుల్లో కేంద్ర ఐటీ శాఖ దాన్ని వెనక్కి తీసుకుంది. జనం అపార్థం చేసుకుంటారట, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలట. ఆ మామూలు జాగ్రత్త ఏమిటో మాత్రం ఎవరికి వాళ్లం ఊహించుకోవాలి. నా ఊహ ఇది: మాస్క్‌డ్ ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ గేటు దగ్గర చూపించండి, అక్కడ వదిలి రాకండి. ఈ-ఆధార్ పీడీఎఫ్ అయితే అసలు పంపకండి. దాని పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ మీ అసోసియేషన్ ఎక్సెల్ షీటులో పక్కపక్కనే ఉంటాయి.

మీ కమిటీలో సగం మంది మీ వృత్తివాళ్లే అయుంటారని నా అనుమానం. పగలంతా ఆఫీసులో ‘పాస్‌వర్డులో ఒక చుక్క, ఒక పెద్దక్షరం ఉండాల్సిందే’ అని మనుషుల ప్రాణం తీసేవాళ్లు, ఇంటికొచ్చాక ఊరందరి ఆధార్ కాపీల్ని ఒక డ్రైవ్ ఫోల్డరులో పోసి, లింకున్నవాళ్లెవరైనా చూడొచ్చని వదిలేస్తారు. గేటు దగ్గరి టాబ్లెట్ వెనక్కి తిప్పి చూడండి. పాస్‌వర్డు స్టిక్కరు మీద రాసి అతికించి ఉండకపోతే ఆ గార్డుకు నా తరఫున నమస్కారం చెప్పండి.

మొహం సంగతి ఆధార్ కంటే పెద్దది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, కార్డు పోతే బ్లాక్ చేస్తాం. మొహం పోతే చేయగలిగిందేమీ లేదు. చట్టానికి ఈ సంగతి తెలుసు. ఐటీ చట్టం 43ఏ కింద 2011లో వచ్చిన రూల్స్ బయోమెట్రిక్‌ను సున్నితమైన సమాచారంగా లెక్కగట్టాయి. ముఖాకృతి అందులో పేరుపెట్టి మరీ ఉంది. దాన్ని తీసుకోవాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి. అవసరమైతేనే తీసుకోవాలి, అవసరం తీరాక ఉంచుకోకూడదు. ఇవ్వననే వీలు మీకుండాలి, ఇచ్చాక వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు ఒకరుండాలి, నెలలోపు జవాబివ్వాలి. ‘స్కాన్ చేయించుకో, లేకపోతే బయటే ఉండు’ అన్నచోట ఇవ్వననే వీలు ఎక్కడుందో చెప్పమనండి.

ఇక్కడో మెలిక ఉంది, దాచను. 43ఏ వర్తించేది వ్యాపారం, వృత్తి చేసే సంస్థలకు. యాప్ నడిపే కంపెనీ అందులో పడుతుంది. మెయింటెనెన్స్ వసూలు చేసుకునే అసోసియేషన్ పడుతుందా అంటే గట్టిగా వాదించడం కష్టం. కాబట్టి మీ నోటీసు కంపెనీకీ వెళ్లాలి, కమిటీకి ఒక్కదానికే కాదు. ఇంకో సంగతి, కంపెనీ నిర్లక్ష్యం వల్ల సమాచారం బయటికి పొక్కి మీకు నష్టం జరిగితేనే పరిహారం. అప్పుడు వెళ్లాల్సింది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గరికి. చట్టం ప్రకారం ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసరు ఆయనే, 5 కోట్ల వరకు క్లెయిములు వింటారు. బెంగళూరులో ఇన్ని లక్షలమంది కంప్యూటర్ల మీద బతుకుతున్నారు, ఇలాంటి అధికారి ఒకరున్నారని తెలిసినవాళ్లు మాత్రం నాకు ఎక్కువగా తగల్లేదు.

కొత్త చట్టం రాలేదా అంటారేమో. వచ్చింది, దారిలో ఉంది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చేశారు. రూల్స్ రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. మనకు పనికొచ్చే సెక్షన్లు, ఇప్పుడున్న నోటిఫికేషన్ ప్రకారం, 2027 మేలో గానీ అమలుకు రావు. వచ్చాక మీ అసోసియేషన్ తప్పించుకోలేదు. ఎందుకంటే అందులో కంపెనీలతో పాటు వ్యక్తుల సమూహాలూ ఉన్నాయి, రిజిస్టరయినా కాకపోయినా. ఇంటి అవసరానికి సమాచారం వాడుకునే వ్యక్తికి మినహాయింపుంది గానీ అసోసియేషన్ వ్యక్తి కాదు. సమాచారానికి సరైన భద్రత లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా. ఆ అంకె చూసి సంబరపడకండి, ఆ డబ్బు కేంద్ర ఖజానాకు పోతుంది. మీకు పైసా రాదు. పైగా ఈ చట్టం పూర్తిగా అమలయిన రోజు పాత 43ఏ, దాంతోపాటు మీ పరిహారం, ఎగిరిపోతాయి. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి మాత్రం 10,000 దాకా జరిమానా రాసిపెట్టారు. మనల్ని కాపాడే చట్టంలో మన వాటా అది.

అద్దెవాళ్లకు హక్కు లేదన్న మాట సగమే నిజం. జనరల్ బాడీలో ఓటు ఓనరుది. కానీ కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 ప్రకారం బైలాలకు, అంటే అసోసియేషన్ నియమాలకు, అద్దెవాళ్లూ కట్టుబడాలి. కట్టుబడాల్సినవాడు ‘ఏ బైలా, చూపించండి’ అని అడగొచ్చు. గోప్యత హక్కు సేల్ డీడ్‌తో పాటు రిజిస్టరయ్యేది కాదు. పోలీసులు అద్దెవాళ్ల వివరాలు అడుగుతున్నారు కదా అని వాళ్లు అడ్డం తిప్పుతారు. అవి మీ ఓనరు పోలీసులకు ఇచ్చేవి. అసోసియేషన్ పోలీస్ స్టేషను కాదు.

ఒకటో తారీఖున నిజంగానే గేటు తియ్యకపోతే? మీరుంటున్న ఇంటికి వెళ్లే దారిని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126 కింద నేరం. నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. దీని మీద పరుగెత్తుకెళ్లి కేసు పెట్టమనడం లేదు. ఆ సెక్షన్ నంబరు మీ ఉత్తరంలో ఒక మూల కనిపిస్తే చాలు, గేటు తెరుచుకుంటుంది. గార్డుతో మాత్రం గొడవపడకండి. పన్నెండు గంటల డ్యూటీలో చెప్పింది చేయడం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు.

మీరు ఒక్కమాటలో దాటేసినా నాకు ఎక్కువ బాధ కలిగించింది పనామె సంగతి. మీకు ఇవ్వనని చెప్పే నోరుంది, నాకు ఉత్తరం రాసే తీరికుంది. ఆమె అనంతపురం నుంచో రాయచూరు నుంచో వచ్చి అయిదిళ్లలో చేసుకుంటూ ఉంటుంది. కాదంటే అయిదిళ్లూ పోతాయి. ఇంగ్లీషులో ఉన్న కన్సెంటు మీద ఎవరో ఆమె వేలు పట్టుకుని నొక్కిస్తారు. ఆ తర్వాత ఆమె ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, ఏ ఇంట్లో ఎంతసేపుంది అందరి ఫోన్లలో మోగుతుంది. కొన్ని యాప్‌లలో ఆమెకు రేటింగు చుక్కలు కూడా వేస్తారు, హోటల్లో బిర్యానీకి వేసినట్టు. అది చట్టం అడిగే అనుమతి అని ఏ కోర్టులోనూ నేను నిలబడి చెప్పలేను. పేరు, ఫోను నంబరు, ఏ ఇళ్లలో పని, ఒక ఫొటో ఉన్న కాగితం కార్డు చాలు ఆమెకు. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక పేరా రాయండి. రాసేముందు ఆమెను అడగండి, ఆమె పేరు వాడొచ్చా అని.

ఉత్తరం మెయిల్లో పంపి, ఒక కాపీ ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ఏ బైలా, ఏ జనరల్ బాడీ తీర్మానం ప్రకారం ఇది పెట్టారు? కంపెనీతో ఒప్పందం కాపీ ఏది? మొహాల సమాచారం ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంటుంది, ఇల్లు ఖాళీ చేశాక ఎవరు చెరిపేస్తారు? గ్రీవెన్స్ ఆఫీసరు ఎవరు? స్కాన్ వద్దన్నవాళ్లకు కార్డో, పిన్ నంబరో ఇస్తారా? ఇంతకంటే ఎక్కువ అడక్కండి. ఒప్పందం కాపీ అడిగినప్పుడు, కమిటీలో దాన్ని చదివినవాళ్లు ఎవరూ లేరని బయటపడే అవకాశం ఎక్కువ.

ఇక మందారం. అమ్మగారు పూలు కోశారు, అది క్లిప్పులో ఉంది, కాదనకండి. తోట ఉమ్మడి ఆస్తి. కోయకూడదని, కోస్తే ఇంత అని బైలాలో ఉంటే 500 అడగొచ్చు. లేకపోతే అడగడానికి ఆధారం లేదు. ‘దొంగ’ అని రాసి అందరికీ పంపడం మాత్రం వేరే సంగతి. న్యాయ సంహిత 356 కింద పరువునష్టం అవుతుంది, రెండేళ్ల వరకు శిక్ష ఉంది. పోలీసులు నేరుగా కట్టే కేసు కాదు, మేజిస్ట్రేటు ముందు అమ్మగారే ఫిర్యాదు వేయాలి. వేశాక ఏళ్లు పడుతుంది. అమ్మగారు బోనెక్కి, నేను పూల దొంగను కాదని ప్రమాణం చేసి చెప్పాలి. ఎదుటి లాయరు అవి ముద్ద మందారాలా, రేక మందారాలా అని గంటసేపు అడుగుతాడు. వద్దు. భద్రత కోసమని పెట్టిన కెమెరా క్లిప్పును వేళాకోళానికి వాడినందుకు, అది పెట్టిన మనిషి అదే గ్రూపులో క్షమాపణ రాయాలని, క్లిప్పు తీసేయాలని, ఇకమీదట రికార్డింగు ఎవరు చూడొచ్చో రాసిపెట్టాలని విడిగా ఒక ఉత్తరం ఇవ్వండి. తీసేసేలోపు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తారీఖు, టైము కనిపించేలా. బైలా చూపిస్తే 500 కట్టేయండి, రసీదు మీద ‘పూలు కోసినందుకు’ అని రాయించుకోండి. ఆ రసీదు ఇచ్చాక ‘దొంగ’ అన్నమాటను సమర్థించుకోవడం వాళ్లకు చాలా కష్టం.