ఫోన్ కెమెరా మీద వేలు పెడితే గుండె వేగం చూపే యాప్‌లను నమ్మొచ్చా?

అంకె వరకు నమ్మొచ్చు. గుండె బాగుందని మాత్రం నమ్మొద్దు. మా బాపు విషయంలో ఈ తేడా తెలియక దెబ్బతిన్నాను.

మాది పరకాల దగ్గర ఊరు. రెండేళ్ల కింద, సంక్రాంతి దాటిన వారానికి, మిర్చి బస్తాలతో రాత్రే ఏనుమాముల మార్కెట్‌కు చేరుకున్నాం. తెల్లారుతుండగా బాపు బస్తాకు ఆనుకుని కూలబడ్డాడు. చెమటలు, ఎదలో బరువు, దవడ గుంజుడు. "ఏం గాలే బిడ్డా, గ్యాస్ పట్టింది" అని సోడా తెమ్మన్నాడు. మా వైపు ఎవరికి ఏమైనా ముందు గ్యాసే!

నేనేమో తెలివిగా ఫోన్ తీసి, ఫ్లాష్ వేసి, ఆయన వేలు కెమెరా మీద పెట్టించాను. మొదట 141 అని చూపింది. నా ప్రాణాలు పైకే పోయాయి. మళ్లీ పెడితే 'వేలు కదపకండి' అంది. మూడోసారికి ముందు రమ్మీ ప్రకటన. మనిషి అవస్థ పడుతుంటే ఐదు సెకన్లు ఆగాలట! అది అయ్యాక 78. పక్కన పచ్చటి గుండె బొమ్మ, కింద 'నార్మల్'. అమ్మయ్య అనుకున్నాం. జెండా పాట, అంటే మిర్చి ధర తేల్చే వేలం, అయ్యాక పోదామన్నాడు బాపు, సరేనన్నాను. గంటన్నర పోయింది.

హనుమకొండలో ఈసీజీ కాగితం చూడగానే డాక్టర్ నా మీద గట్టిగా అరిచాడు. గుండెపోటు. అదే రోజు స్టెంట్ వేశారు.

ఆ 78 తప్పు కాదు, నాకు మింగుడుపడనిది అదే. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలికొసకు నెత్తురు కాస్త ఎక్కువ చేరుతుంది, కెమెరాకు తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఫోన్ లెక్కపెట్టేది ఆ హెచ్చుతగ్గులనే. గుండె రక్తనాళం పూడుకుపోయిందని దానికెట్లా తెలుస్తుంది? ఆస్పత్రిలో ఒంటికి పది చోట్ల తీగలు పెట్టి గుండెలో పుట్టే కరెంటును చూస్తారు. ఇక 141 అంటారా, చల్లబడి వణుకుతున్న వేలును నేనే గట్టిగా అదిమి పట్టుకున్నాను. అట్లా నొక్కితే అక్కడికి నెత్తురే సరిగా రాదు. నన్నడిగితే ఈ యాప్‌లు 'నార్మల్' అనే మాట వాడకుండా చట్టం తేవాలి.

అట్లని నేను యాప్ తీసెయ్యలేదు. పొద్దున తీరిగ్గా కూర్చుని చూస్తే మా బీపీ మిషన్ చూపే పల్స్‌కు దగ్గరగానే వస్తుంది. కదలకుండా పెట్టినా లయ మాటిమాటికీ తప్పుతున్నట్టు చూపితే ఈసీజీ తీయించుకోండి.

అమ్మ ఫోన్లో మాత్రం యాప్ వేయలేదు. 108 కొట్టడం నేర్పించాను. బాపు ఇప్పటికీ అది గ్యాసే అంటాడు.