పూత మొదలయ్యేదాకా మోటారు జోలికి పోకు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వేరుశనగ విత్తి పదహారు రోజులే అయింది, మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటున్నాయి, మోటారు వేయమంటావా అని నిన్న అడిగావు. వేయొద్దు. ఫోనులో చెబితే సగమే వింటావు కనుక రాస్తున్నాను.

ఎండకు ఆకు ముడుచుకోవడం వేరుశనగకు అలవాటే. సాయంత్రానికి విచ్చుకుంటే దిగులు లేదు. తెల్లవారి కూడా వాడి కనిపిస్తే అప్పుడు చూద్దాం. బాగా తడిపిన పదునులోనే విత్తావు కదా, 20, 25 రోజుల వరకు బెట్టకు వదిలేయి. వేరు తడిని వెతుక్కుంటూ లోతుకు పోతుంది, పూత ఒక్కసారిగా వస్తుంది. నా చిన్నతనంలో కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పెట్టడమే సేద్యం అనుకున్నాను. ఆ ఏడు పాకాల దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు, చేను అంత పచ్చగా ఏపుగా ఉంది. పీకితే చెట్టుకు ఐదారు కాయలు! పశువులకు మాత్రం మేత దండిగా దొరికింది.

నీళ్ల అవసరమంతా ఊడలు, అంటే పూత నుంచి కిందికి సాగి నేలలో కాయగా మారే కాడలు, దిగేటప్పుడే. 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. ఆ తర్వాత ఊడ నేలలోకి దిగాలి. మన ఎర్ర నేల ఆరితే పైన అట్టకడుతుంది, ఊడ మొన దాన్ని పొడవలేక పైనే ఎండిపోతుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం చాళ్ల పక్కన వేసి, మట్టి ఎగదోసి తడి ఇవ్వు. అందులోని కాల్షియాన్ని కాయ తన డొల్ల, అంటే పైపెంకు, గుండానే పీల్చుకుంటుంది, తడి లేకపోతే జిప్సం వేసినా దండగే. 45 రోజులు దాటాక కలుపు పేరుతో నేల కదిలించకు.

అక్కడి నుంచి 85, 90 రోజుల దాకా వారం, పది రోజులకొక తడి తప్పకూడదు. ఒక ఫిబ్రవరిలో నా మోటారు కాలిపోయి, బాగై వచ్చేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ ఏడు సగం తాలు కాయలే.

నీ చిక్కు వేరే ఉంది. తోతాపురి మామిడి చెట్లకూ అదే బోరు. పూతకు ముందు మామిడికి నీళ్లు పెడితే పూతకు బదులు చిగురు వేస్తుంది కనుక అప్పుడు ఇబ్బంది లేదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక అదీ అడుగుతుంది, వేరుశనగ కాయ ఊరేదీ అప్పుడే. ముందు వేరుశనగకే పెట్టు. ముదురు చెట్లకు వేరు లోతున ఉంటుంది, నాలుగు రోజులు ఆగుతాయి. వచ్చే ఏడు నవంబరు నడిమికే విత్తుకుంటే ఈ పోటీ కొంత తగ్గుతుంది.

చివరి తడి పీకడానికి నాలుగైదు రోజుల ముందు, నేల మెత్తబడేంత. అప్పటికి డొల్ల లోపలివైపు నల్లబడి ఉండాలి, కాయలు ఒలిచి చూసుకో.

ఆదివారం పలుగు తీసుకుని వస్తాను. జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట పట్టి చూద్దాం. అంతదాకా స్టార్టరు పెట్టె తాళం మీ అమ్మ చేతికివ్వు.