ఎవరైనా కోసుకోవచ్చు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఖాళీ స్థలంలో కూరగాయలు పండించి, వాటిని వెల లేకుండా చుట్టుపక్కల వారికి వదిలిపెట్టడం గురించి ఈ శీర్షికలో కిందటిసారి రాసిన నాలుగు మాటలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని, అయిదింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మేము పదిమందిమి కలిసి ఏడాదిగా ఒక ఖాళీ స్థలంలో కూరగాయలు పండిస్తున్నాము. ఎవరైనా కోసుకోవచ్చని బోర్డు పెట్టాము. ఒక వ్యక్తి తెల్లవారకముందే వచ్చి సంచుల నిండా కోసుకుపోతున్నారు. కంచె కట్టి తాళం వేయాలని మాలో సగం మంది అంటున్నారు. ఏమి చేయమంటారు?

సమాధానం: తాళం వేయవద్దు. మీరు బోర్డు మీద "ఎవరైనా" అని రాశారు. ఆ మాటలోకి ఆ వ్యక్తి కూడా వస్తారు. ఆయన ఇంట్లో తినేవారు ఎక్కువమంది ఉండవచ్చు, మంచం దిగలేని ఇరుగుపొరుగు వారికి పట్టుకుపోతూ ఉండవచ్చు, లేదా అమ్ముకుంటూ ఉండవచ్చు. మొదటి రెండూ అయితే మీరు తోటను దేనికోసం వేశారో అదే జరుగుతోంది. మూడోదే అయినా ఆ కాయలు చివరకు ఎవరో ఒకరి కంచంలోకే చేరుతున్నాయి. మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు, ఆయన పట్టుకుపోవడం కంటే, పొద్దెక్కాక వచ్చినవారికి ఏమీ మిగలకపోవడమే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తోందని నాకు అనిపించింది. ఆ బాధ న్యాయమైనదే. దానికి మందు చాలావరకు మీరు ఎంచుకునే పంటలోనే దొరుకుతుంది.

కొన్ని మొక్కలు కోసేకొద్దీ కాస్తాయి. బీన్స్ కాయలో గింజ ముదిరిందంటే మొక్క పూత తగ్గించుకుంటుంది. లేతగా ఉన్నప్పుడే కోస్తూ ఉంటే వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. ఆకుకూరల్లో చాలావాటిని నడిమి చిగురు జోలికి పోకుండా చుట్టూ ఉన్న పెద్ద ఆకులను గిల్లుకుంటే, కొద్దిరోజుల్లో మళ్లీ ఆకు వేస్తాయి. చెర్రీ టమాటా గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు. ఈ రోజు రెండు ఎర్రబడితే ఎల్లుండి మరో మూడు రంగు తిరుగుతాయి. ఇటువంటి మడిని ఒక్క మనిషి ఒక్క పూటలో ఖాళీ చేయలేరు, చేసినా అది మళ్లీ నిండుతుంది. గుమ్మడి, క్యాబేజీ, కాలీఫ్లవర్ సంగతి వేరు. మూడు నెలలు పదిమంది నీళ్లు పోసి పెంచింది ఒక్క కోతతో ఒక్క చేతిలోకి పోతుంది, చూసినవారికి మనసు కష్టపెడుతుంది. నా మాట వింటే మడుల్లో మూడొంతులు మళ్లీ మళ్లీ కాసేవాటికే ఇవ్వండి. గుమ్మడి వంటివి కావాలనుకుంటే, ఫలానా రోజున కోస్తున్నామని ముందుగా రాసిపెట్టి, వచ్చినవారి ఎదుటే కోసి, ముక్కలు చేసి పంచండి.

రెండోది, ఆయనతో మాట్లాడాలి. అయిదుగురు కలిసి వెళ్లకండి, ఒక్కరే వెళ్లండి. నేను పనిచేసిన ఒక తోటలోనూ చీకటితోనే ఒకావిడ వచ్చేవారు. బీన్స్ తీగలు ఎక్కడికక్కడ తెగిపడి ఉండడం చూసి ఒకనాడు నేనూ ఆ వేళకే వెళ్లాను. టార్చిలైటును నోట కరచుకుని, కుడిచేత్తో కాయను పట్టి గుంజుతున్నారు. కాయతోపాటు జానెడు తీగ, దానిమీది పూత కూడా ఊడి వస్తున్నాయి. ఎడమచేత్తో తీగను పట్టుకుని కుడిచేత్తో తొడిమ దగ్గర తుంచితే కాయ ఒక్కటే వస్తుందని చూపించి, లైటు నేను పట్టుకున్నాను. ఎవరికోసం కోస్తున్నారని నేను అడగలేదు, ఆవిడ చెప్పనూ లేదు. ఆ తర్వాత తీగలు తెగడం ఆగిపోయింది. మరో నెల రోజులు ఆ పందిరి కాసింది.

ఇంత చెప్పినా మీలో ఎక్కువమంది తాళానికే మొగ్గితే, అదేమీ తప్పు కాదు. సభ్యులు తలా ఒక మడి సాగుచేసుకుని ఆ పంటను తామే తినే తోటలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి, చక్కగా నడుస్తున్నాయి. అయితే అది వేరే రకం తోట. అప్పుడు బోర్డు మీది మాటను కూడా మార్చండి.

ప్రశ్న: మా సమస్య ఇందుకు పూర్తిగా భిన్నమైనది. తోట బాగా కాస్తోంది, కోసుకోవడానికి మాత్రం ఎవరూ రావడం లేదు. అవసరం ఉన్న కుటుంబాలు పక్క వీధిలోనే ఉన్నాయని మాకు తెలుసు. కాయలు చెట్టు మీదే ముదిరిపోతున్నాయి.

సమాధానం: ఈ ఉత్తరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఉచితంగా ఇవ్వడం తేలిక. పదిమంది చూస్తుండగా చేయి చాపడం చాలా కష్టం. అందువల్ల, మొహమాటపడాల్సిన అవసరమే రానివ్వకుండా తోటను అమర్చుకోవడం మీ పనిలో పెద్ద భాగమని అనుకోండి.

ముందు తోట ఎక్కడ ఉందో చూడండి. గేటు తీసుకుని, లోపలికి నడిచి, కోసుకుని, అందరి ముందునుంచి బయటికి రావలసిన చోటికి అవసరంలో ఉన్నవారు రారు. ఇంగ్లండులోని టాడ్‌మర్డెన్ అనే చిన్న పట్టణంలో 2008లో పామ్ వార్‌హర్స్ట్ మరికొందరితో కలిసి మొదలుపెట్టిన 'ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్' ఉద్యమం, పెద్ద తోట కోసం వెతకకుండా, జనం ఎలాగూ నడిచే చోట్లనే పట్టుకుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద తొట్టెలలో వంటకు వాడే సువాసన మొక్కలు, పోలీసు స్టేషన్ ముందు మొక్కజొన్న, ఆరోగ్య కేంద్రం చుట్టూ పండ్ల చెట్లు నాటారు. రైలు కోసం నిలబడిన మనిషి నాలుగు ఆకులు తుంచుకుంటే ఆయన పేదవాడని ఎవరూ అనుకోరు. ఉన్నవారూ లేనివారూ ఒకే మొక్క నుంచి తుంచుకునే చోట ఇక మొహమాటానికి తావుండదు. మీ స్థలాన్ని మార్చలేకపోతే, కనీసం దారి పక్కన, నడిచేవారి చేతికి అందే ఎత్తులో ఒక వరుస మొక్కలు వేయండి.

తర్వాత బోర్డు. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న ఆండర్‌నాక్ పట్టణం 2010లో తన పాత కోటగోడల వెంట 101 రకాల టమాటాలు నాటించినప్పుడు, నగరపు పచ్చిక మీద కనిపించే "లోపలికి రావద్దు" అనే మాటను "కోసుకోవచ్చు"గా మార్చుకుంది. ఒక్క మాటే అయినా దాని ప్రభావం పెద్దది. మా తోటలో మొదట "అవసరమైనంత మాత్రమే తీసుకోండి" అని రాశాము. జనం చదివి, మొక్కలను చూసి, వెళ్లిపోయేవారు. తమ అవసరాన్ని ఎవరో కొలుస్తున్నారని అనిపించేదేమో. దాన్ని తీసేసి, "ఈ వారం బీన్స్ కోతకు వచ్చాయి. అరచేయంత పొడవున్నవి లేతగా ఉంటాయి. గురువారం లోపు కోయకపోతే ముదిరిపోతాయి" అని సుద్దతో రాసిన నాటి నుంచి చేతులు సాగాయి. కోసుకోవడం వల్ల తోటకే మేలు చేస్తున్నామన్న భావం ఆ వాక్యాల్లో ఉంది, పైగా అది నిజం కూడా.

ప్రతి మొక్క దగ్గరా దాని పేరు, అందులో తినదగిన భాగం ఏది, ఎలా వండాలి అన్నవి రాసి ఉంచండి. టమాటా ఆకులు తినకూడదు. ఎర్రటి రాజ్మా గింజలను బాగా ఉడికించకుండా తింటే వాంతులు పట్టుకుంటాయి. తెలియని మొక్కను కోయడానికి జంకే వారికి ఈ నాలుగు వాక్యాలు ధైర్యం ఇస్తాయి.

చివరగా ఒక విన్నపం. కోసుకునేవారి పేర్లు రాసుకోకండి, వారి ఫొటోలు తీయకండి. మీ శ్రమను నలుగురికీ చూపాలని ఉంటే మడులను ఫొటో తీయండి.

ప్రశ్న: మా వీధి చివర ఒక స్థలం ఏళ్లుగా ఖాళీగా ఉంది, అంతా చెత్తే. యజమాని వేరే ఊళ్లో ఉంటారు. అడగకుండానే శుభ్రం చేసి మొక్కలు వేస్తే తప్పేముంది?

సమాధానం: మీ ఆరాటం నాకు అర్థమవుతోంది, ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. 1649లో ఇంగ్లండులో గెరార్డ్ విన్‌స్టన్లీ, ఆయన సహచరులు సర్రే ప్రాంతంలోని సెయింట్ జార్జ్ గుట్ట మీది బీడు నేలను తవ్వి క్యారెట్లు, పార్స్నిప్ దుంపలు, చిక్కుళ్లు వేశారు, భూమి అందరి ఉమ్మడి నిధి అన్నారు. ఆ చుట్టుపక్కల భూస్వాములు కొద్ది నెలల్లోనే వారిని అక్కడినుంచి వెళ్లగొట్టారు. న్యూయార్కులో 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు చెత్తతో నిండిన ఒక ఖాళీ స్థలాన్ని ఇలాగే శుభ్రం చేశారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ దాన్ని వారికి నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది, ఆ తోట ఈనాటికీ ఉంది. లాస్ ఏంజిలెస్‌లో 2010లో రాన్ ఫిన్లీ తన ఇంటి ముందు, నడకదారికీ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టీలో కూరగాయలు వేసినందుకు అధికారుల నుంచి నోటీసు అందుకున్నారు. ప్రజల మద్దతు కూడగట్టిన తర్వాత నగరం తన నిబంధనలను సడలించింది. ఈ ముగ్గురిలో ఇద్దరి తోటలు నిలిచాయి, నిజమే. ఆ రెండూ నిలిచింది చివరకు అనుమతి దొరకడం వల్లనే. మొక్కలు నాటకముందే దాన్ని సంపాదించగలిగితే, కాపు మీద ఉన్న పందిరిని ఎవరో వచ్చి చదును చేయించడాన్ని కళ్లతో చూడవలసిన గతి పట్టదు.

యజమానిని కలిసే ముందు ఆయన భయం ఏమిటో తెలుసుకోండి. చాలామంది యజమానులు ఒకసారి లోపలికి రానిస్తే స్థలం చేజారుతుందని భయపడతారు. చాలా దేశాల చట్టాల ప్రకారం, దీర్ఘకాల స్వాధీనం వల్ల హక్కు రావాలంటే ఆ స్వాధీనం యజమాని అనుమతి లేనిదై ఉండాలి. అందువల్ల మీరు అడిగే రాతపూర్వక అనుమతి ముందుగా ఆయన హక్కునే కాపాడుతుంది. ఈ మాటను ఆయనకు స్పష్టంగా చెప్పండి, తెలిసిన న్యాయవాది చేత చెప్పించగలిగితే మరీ మంచిది. పత్రంలో ఎంతకాలానికి ఇస్తున్నారో, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల గడువు ఇస్తారో, అప్పటికి నేలలో ఉన్న పంటను కోసుకోనిస్తారో లేదో, నీరు ఎక్కడినుంచి వస్తుందో, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో ఉండాలి. ఏడాదికే అనుమతి దొరికితే పండ్ల చెట్లు నాటకండి. అవి కాపుకు రాకముందే మీరు వెళ్లిపోవలసి రావచ్చు, వేళ్లూనిన చెట్టును చూసి యజమానికీ బెంగ మొదలవుతుంది.

ప్రశ్న: పాత ఇల్లు కూల్చిన స్థలం ఇస్తామన్నారు. ఆ మట్టిలో పండించినవి తినవచ్చా?

సమాధానం: నేల పరీక్ష చేయించకుండా పండించకండి, ముఖ్యంగా ఇతరులకు పెట్టాలనుకున్నప్పుడు. పాత రంగుల్లో సీసం ఉండేది. గోడలు కూల్చినప్పుడు ఆ పెచ్చులు మట్టిలో కలుస్తాయి. రోడ్డు పక్క నేలల్లో పెట్రోలు ద్వారా చేరిన సీసమూ ఉంటుంది. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా ఆగిపోయింది 2021లోనే. అప్పటిదాకా మట్టిలో చేరిన సీసం తనంతట తాను విరిగిపోయేది కాదు.

సీసం టమాటా, బీన్స్ వంటి కాయల్లోకి తక్కువగా ఎక్కుతుంది, దుంపల్లోనూ ఆకుకూరల్లోనూ ముప్పు ఎక్కువ. మొక్క పీల్చుకున్నదాని కంటే ఆకులకు అంటిన మట్టి, పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోయే దుమ్ము ఎక్కువ ప్రమాదకరం. పరీక్షలో అనుమానం తేలితే, నేల మీద మందపాటి గుడ్డ పరిచి, కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున శుభ్రమైన మట్టి, కంపోస్టు నింపి ఎత్తు మడులు కట్టండి. మడుల మధ్య నడిచే దారులను చెక్కపొట్టుతోనో ఎండుగడ్డితోనో కప్పండి. మడి అంచులకు పాత రైలు పట్టాల కింది దుంగలు, మందు పట్టించిన కలప వాడకండి. పశువుల ఎరువును బాగా చివికిన తర్వాతే వేయండి. పచ్చి ఎరువు వేయక తప్పకపోతే, నేలకు ఆనుకుని పెరిగేవాటి కోతకు కనీసం 120 రోజుల ముందు వేయాలన్నది అమెరికా సేంద్రియ సాగు నిబంధన, ఎక్కడైనా పాటించదగినది.

ప్రశ్న: పన్నెండు మందిమి మొదలుపెట్టాము, ఇద్దరమే మిగిలాము. మానేయాలా?

సమాధానం: మానేయకండి, తగ్గించండి. వాన లేని వారంలో చదరపు మీటరుకు సుమారు 25 లీటర్ల నీరు కావాలి. పది చదరపు మీటర్ల మడికి 250 లీటర్లు, అంటే పది లీటర్ల క్యాను పాతికసార్లు మోయాలి. ఇద్దరు మనుషులు వారానికి ఎన్ని క్యాన్లు మోయగలరో లెక్కవేసుకుని అన్ని మడులే ఉంచండి.

మిగిలిన పదిమంది వెళ్లిపోయింది ఇష్టం లేక కాకపోవచ్చు. ఉమ్మడి వనరుల నిర్వహణపై చేసిన అధ్యయనాలకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఉమ్మడి నీటికాలువలూ పచ్చిక బయళ్లూ తరాలపాటు నిలిచిన చోట్ల, ఎవరికి ఏ హక్కు, ఎవరి మీద ఏ పని అన్నది స్పష్టంగా ఉందని, ఆ నియమాలను అక్కడివారే కూర్చుని చేసుకున్నారని గమనించారు. తినేవారి విషయంలో మీ తోటకు హద్దు లేదు, ఉండకూడదు కూడా. పని విషయంలో మాత్రం హద్దు కావాలి. "వీలైనప్పుడు రండి" అంటే ఎవరికీ వీలు కాదు. "మంగళవారం సాయంత్రం ఈ ఒక్క మడికి నీళ్లు మీవి" అని అడిగితే కాదనేవారు తక్కువ. కోసుకోవడానికి వచ్చేవారిని కూడా అలాగే అడగండి, బదులుగా పని చేయాలన్న షరతు మాత్రం పెట్టకండి.

వదిలేసిన మడులను బీడు పడనివ్వకుండా, కలుపు కోసి అక్కడే పరిచి, మీద అట్టపెట్టెలు విప్పి కప్పి, ఆ అట్ట ఎగిరిపోకుండా జానెడు మందం ఎండుటాకులు పోయండి. కొన్ని నెలల్లో అట్ట చివికి మట్టి మెత్తబడుతుంది. మూడో మనిషి చేరిన రోజున అందులో ఒక మడిని తెరిచి, ముందుగా బీన్స్ వేయండి.