కంప్యూటర్ అమ్మేయకండమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావారికి బజార్లో కిరాణా కొట్టు ఉంది. మా గుంటడు ఒడియా మీడియంలో టెన్త్ చదివాడు, 71 శాతం వచ్చింది. తెలుగు చదవడం మా మామగారు ఇంట్లోనే నేర్పారు. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం అయింది, ఫిజిక్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. రెండేళ్ల కిందట బరంపురం నుంచి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చి ఇచ్చాం. అప్పట్నుంచి రాత్రి పన్నెండు దాకా గేములు. గేము లేకపోతే ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉంటాడు. అదీ కాకపోతే మామగారి ట్రంకుపెట్టెలోని పాత పుస్తకాలో, ఫోన్లో కంప్యూటర్ సంగతులో చదువుతూ పడుకుంటాడు. కొట్లో బిల్లుల ప్రింటరు పాడైతే రెండు రాత్రులు కూర్చుని బాగుచేశాడు, కంప్యూటర్లో విండోస్ తీసేసి ఇంకేదో ఎక్కించాడు. గేములు తయారుచేస్తానంటాడు. మావారు కంప్యూటర్ అమ్మేసి వైజాగ్ హాస్టల్లో వేసేద్దామంటున్నారు. మా బావగారు పాలిటెక్నిక్ అంటున్నారు. వాడు దేన్లోనూ ఫస్టు కాదు, అన్నిట్లోనూ కాస్త కాస్త. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ప్రింటరు సంగతి మాట్లాడుకుందాం. ఫిర్యాదుల మధ్యలో ఒకటిగా రాసేశారు గానీ, మీ అబ్బాయి గురించి నాకు ఎక్కువ తెలిసింది ఆ ఒక్క వాక్యంలోనే.

విండోస్ తీసేసి ఎక్కించింది బహుశా లినక్స్ అయి ఉంటుంది, విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అదే అయితే అబ్బాయి తెలివైన పనే చేశాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. మీరు కొన్నలాంటి పాత కంప్యూటర్లలో చాలావాటికి అవి ఉండవు. అలాంటి కంప్యూటర్‌ను మూలన పడెయ్యకుండా లినక్స్ వేసి నడుపుకోవడం ఎంతోమంది చేస్తున్నదే.

అందులో ఎంత పని ఉందో కూడా వినండి. ఫైలు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌ను బూటబుల్‌గా, అంటే కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా తయారుచెయ్యాలి. బయాస్‌లోకి వెళ్లి కంప్యూటర్ దేన్నుంచి మొదలవ్వాలో మార్చాలి. హార్డ్‌డిస్కును భాగాలు చెయ్యాలి. అందులో కొట్టు లెక్కలు ఉంటే పోకుండా ముందే కాపీ తీసుకోవాలి. అన్నీ అయ్యాక, ఆ కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటరు ఒక్కోసారి పలకదు. దానికి సరైన డ్రైవర్, అంటే ప్రింటరునూ కంప్యూటర్‌నూ కలిపే సాఫ్ట్‌వేర్ వెతకాలి, ఇంగ్లీషులో రాసిన పేజీలు చదవాలి, ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటి ప్రయత్నించాలి. సరదాగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే విసిగి లేచిపోతారు. మీవాడు రెండో రాత్రి కూడా కూర్చున్నాడు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ‘నాకు కంప్యూటర్లంటే ఇష్టం సార్’ అనేవాళ్లు తక్కువేం కాదు. ఆ మాట విని నేను దారి చెప్పను. ఏ పని విసుగు పుట్టించినా వదలకుండా కూర్చున్నావని అడుగుతాను. పదహారేళ్ల వయసులో ఇష్టాలు వస్తుంటాయి, పోతుంటాయి. విసుగును ఓర్చుకున్న చోటు మాత్రం చాలావరకు నిలుస్తుంది. మీవాడి విషయంలో ఆ చోటు ప్రింటరు దగ్గర కనిపించింది. అది గేముల దగ్గర కూడా ఉందా అన్నది ఇంకా తేలాలి.

అలాగని వాడిని మేధావి అని నేను పొగడటం లేదు. వాడు చేసింది నేర్చుకుంటే చాలామందికి వచ్చే పని. మీరు ‘అన్నిట్లోనూ కాస్త కాస్త’ అని బాధపడ్డారే, అలాంటి పిల్లలకు ఈ రంగంలో చోటు బాగానే ఉంది. కంప్యూటర్ పనంటే కోడ్ రాయడం ఒక్కటే కాదు. ఆసుపత్రిలో, బ్యాంకులో, కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు కావాలి, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి తప్పులు పట్టేవాళ్లు కావాలి, వాడేవాళ్లకు అర్థమయ్యేలా వివరించేవాళ్లు కావాలి. ఈ పనులకు కొంచెం హార్డ్‌వేర్, కొంచెం సాఫ్ట్‌వేర్, బోలెడంత చదివే ఓపిక ఉండాలి.

ఇక గేములు. మీవారి భయం ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చిన మాట నిజమే. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. అయితే ఎక్కువసేపు ఆడే ప్రతివాడికీ ఆ పేరు పెట్టరు. ఆట మీద అదుపు పోవాలి, తిండీ నిద్రా చదువూ స్నేహాలూ అన్నీ దాని వెనక్కి వెళ్లాలి, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవాలి, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. మీవాడు ఆట ఆపి పుస్తకం తీస్తున్నాడు, కొట్లో పని పడితే వస్తున్నాడు. మీరు రాసినదాన్ని బట్టి నాకు ఆ లక్షణాలు కనిపించలేదు. నిద్ర మాత్రం చెడుతోంది, ఫిజిక్స్ మార్కులు తగ్గడంలో దాని వాటా ఉండే ఉంటుంది. కంప్యూటర్ నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. పదిన్నరకి ఆపెయ్యాలన్న మాట మీరూ వాడూ కూర్చుని అనుకోండి. తీగ పీకేసి వాళ్ల నాన్న కోప్పడితే ఆట ఫోన్లోకి మారుతుంది, అప్పుడు మీకు కనిపించను కూడా కనిపించదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వాడు ఆడే వాటిలో డబ్బు పెట్టి డబ్బు గెలిచే గేము ఏదైనా ఉందేమో అడిగి తెలుసుకోండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అలాంటి ఆన్‌లైన్ గేములను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను మాత్రం క్రీడగా ప్రోత్సహించాలంది. కొట్టు ఫోన్‌పే వాడి చేతిలో ఉంటుందా? ఉంటే లెక్క ఒకసారి చూసుకోండి. అనుమానించమని కాదు, ఈ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చూసుకోవలసిందే.

గేములు తయారుచేస్తానన్న మాటను కొట్టిపారెయ్యకండి, అప్పుడే నమ్మేయనూ వద్దు. ఆడటం, తయారుచెయ్యడం రెండూ వేరు వేరు పనులు. సినిమా చూడటం ఇష్టమైనవాళ్లందరూ ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చోలేరు కదా. ఈ సెలవుల్లో వాడికి ఒక పరీక్ష పెడదాం. గోడో అనే ఉచిత గేమ్ ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది, లినక్స్‌లోనూ నడుస్తుంది, పాత కంప్యూటర్ మీద చిన్న చిన్న టూ-డీ గేములకు సరిపోతుంది. అందులో రాసే భాష పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. ఒక బంతి, ఒక పలక, పలకకు తగిలితే బంతి వెనక్కి రావాలి, స్కోరు పెరగాలి. అంతే. వాడి తమ్ముడో పక్కింటి పిల్లాడో కూర్చుని ఆడగలిగేలా ఒక నెలలో పూర్తి చెయ్యమనండి. బంతి గోడలోంచి దూరిపోతుంది, స్కోరు ఒకేసారి రెండు పెరుగుతుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతకడం వాడికి ప్రింటరు రాత్రుల్లాగే అనిపిస్తే ప్రోగ్రామింగ్ వైపు ధైర్యంగా పంపండి. వారం తిరక్కుండా మానేసి మళ్లీ ఆడుకోవడానికి పోతే గేములు వాడికి కాలక్షేపం అన్నమాట. కాలక్షేపంగా ఉండటంలో తప్పేం లేదు. వాడికి ఆ మాట చెప్పి, చిన్నబుచ్చకుండా, నెట్‌వర్కింగ్, సిస్టమ్స్ వైపు చూద్దాం.

మీరు వాడు చదివే పుస్తకాల గురించి రాసిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. వాటిని చదవడాన్ని కూడా తప్పుల జాబితాలోనే వేశారు. అమ్మా, మీవాడికి ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషులో కంప్యూటర్ పేజీలు చదివి పని చేసుకుంటున్నాడు. సరిహద్దు ఊళ్ల తెలుగు పిల్లలు దీన్ని లోపంగా చెప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. ‘మాకు ఏ భాషా పూర్తిగా రాదు సార్’ అంటారు. రాయగడలో, గుణుపురంలో, బరంపురంలో అందరిదీ అదే మాట. కానీ ఫోన్లలో, వెబ్‌సైట్లలో భారతీయ భాషలు పెరుగుతున్న కాలమిది. ఒక యాప్‌ను తెలుగులోకీ ఒడియాలోకీ తేవాలన్నా, తెచ్చింది సరిగ్గా ఉందో లేదో చూడాలన్నా రెండు లిపులూ చదవగలిగిన మనిషి కావాలి. మీ గజపతి జిల్లాలోనూ ఉండే సవర గిరిజనుల భాష కోసం మంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ లిపులను గుర్తించడానికి వాడే జాబితాలో చేరింది. ఒక లిపి కాగితం మీద నుంచి కంప్యూటర్లోకి రావడానికి ఫాంట్లు కావాలి, కీబోర్డులు కావాలి, ఓపికగా పరీక్షించేవాళ్లు కావాలి. వాడికి ఈ సంగతి చెప్పి చూడండి, ఆసక్తి పుడుతుందేమో.

ఈ సందర్భంలో మీ ఊరి మనిషినే తలుచుకోవాలనిపిస్తోంది. గిడుగు వెంకట రామమూర్తిగారు 1880లో ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. జీతం ఇచ్చింది పిల్లలకు చరిత్ర చెప్పినందుకు. సవర భాష నేర్చుకోమని ఆయన్ని ఎవరూ అడగలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఉద్యోగం ఒకటి, ఇష్టం ఒకటిగా ఏళ్ల తరబడి నడిచాయి. మీవాడికి ఇష్టమైనదే జీతం ఇవ్వాలన్న నియమం లేదు. ఇంటికి వచ్చాక గేములు ఆడుకుంటూ, లినక్స్ సర్దుకుంటూ, పుస్తకాలు చదువుకుంటూ వేరే ఉద్యోగం చేసుకున్నా వాడి జీవితం బాగానే ఉంటుంది. ఈ మాట మీవారికి కూడా చెప్పండి, టెన్షన్ కొంత తగ్గుతుంది.

ఇప్పుడు దారులు. బీటెక్ కావాలంటే ఒడిశాలో జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ అనే రాష్ట్ర కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. బరంపురంలో ప్రభుత్వ కాలేజీ ఉంది, పారల మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ. మీ ఊళ్లో సెంచూరియన్, గుణుపురంలో జీఐఈటీ ప్రైవేటువి. ఫిజిక్స్ ఇప్పుడున్నట్టే ఉంటే మంచి ర్యాంకు కష్టం. పాతపట్నం మీకు కూతవేటు దూరమే అయినా ఆంధ్ర కాలేజీల కన్వీనర్ కోటాలో స్థానికత చూస్తారు. వాడి చదువంతా ఒడిశాలోనే కాబట్టి వైజాగ్ హాస్టల్‌కు డబ్బు కట్టే ముందు ఆ నిబంధన అడిగి తెలుసుకోండి. నా మట్టుకు నేను ఇప్పుడు హాస్టల్ వద్దంటాను. ప్లస్ టూ సగంలో బోర్డు మార్చి, ఊరు మార్చి, కంప్యూటర్ లాగేసుకుంటే వాడికి మిగిలేది ఫిజిక్స్ భయం ఒక్కటే. ఆ డబ్బులో చిన్న భాగంతో ఊళ్లోనే ఫిజిక్స్ ట్యూషన్ పెట్టించండి.

మీ బావగారి మాటలో అర్థముంది. ప్లస్ టూ సైన్స్ పాసైనవాళ్లకు పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే వీలుంది, కాబట్టి ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోదు. వచ్చే ఏడాది ఆలోచించినా సరిపోతుంది.

నాకు ఎక్కువ నచ్చే దారి వేరే ఉంది. దగ్గర్లో బీసీఏ గానీ బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ గానీ చేరుతూ, పక్కన ఐఐటీ మద్రాస్ వారి డేటా సైన్స్ బీఎస్ కోర్సుకు ప్రయత్నించడం. దీనికి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు ఆన్‌లైన్లో విని, వారం వారం అసైన్‌మెంట్లు చేసి, ఆ తర్వాత కేంద్రానికి వెళ్లి క్వాలిఫయర్ పరీక్ష రాయాలి. ఇంగ్లీషు, లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్, ఈ నాలుగే మొదట. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. మధ్యలో ఆపాల్సి వచ్చినా అప్పటిదాకా పూర్తి చేసిన స్థాయికి సర్టిఫికెట్టో డిప్లొమానో ఇస్తారు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 నుంచి అనుమతిస్తోంది. ఇది తేలికని మాత్రం అనుకోవద్దు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, లెక్కలు గట్టిగా రావాలి, వెనక కూర్చుని చదివించేవాళ్లు ఉండరు. అయితే రెండు రాత్రులు ఒక్కడే కూర్చుని ఇంగ్లీషు పేజీలు చదివి ప్రింటరును పలికించిన పిల్లాడికి ఈ పద్ధతి సరిపడే అవకాశం ఉంది. అందుకే ఈ ఏడాది ఫిజిక్స్ కంటే ముందు లెక్కల మీద కన్నేయమంటాను.

కంప్యూటర్ అమ్మొద్దు. వీలుంటే పాత హార్డ్‌డిస్కు తీసి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) వేయించండి, వేగం బాగా పెరుగుతుంది. బిగించడం వాడే చేసుకుంటాడు.

ఇంకొక్కటి అడుగుతాను. ప్రింటరును ఎలా బాగుచేశాడో, ఎక్కడ ఆగిపోయాడో, ఏది చదివితే దారి దొరికిందో ఒక పేజీ రాసి నాకు పంపమనండి. తెలుగులో రాసినా సరే, ఒడియాలో రాసినా సరే. అది చదివాక వాడికే నేరుగా జవాబు రాస్తాను.