మెక్‌ఫర్సన్‌లో ఓటు రాలేదంటే పేరు పోయినట్టు కాదండి

ఇల్లు మారలేదు, 2020 పార్లమెంటు ఎన్నికల్లో సింగపూర్‌లోని మెక్‌ఫర్సన్ నియోజకవర్గంలో ఓటేశాను, 2025లో మాత్రం పిలుపే రాలేదు, ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేశారా అని మీరు అడిగారు. కంగారు పడకండి. సింగపూర్‌లో ఓటు తప్పనిసరి. పోలింగ్ జరిగినా ఓటెయ్యకుండా మానేసినవాళ్ళ పేరు జాబితాలోంచి తీసేస్తారు. మీరు మానలేదు, మీ దగ్గర పోలింగే జరగలేదు.

జరిగింది ఇదీ. 2025 మార్చి 11న వచ్చిన నియోజకవర్గాల సరిహద్దుల కమిటీ నివేదికలో మెక్‌ఫర్సన్ ఏకసభ్య నియోజకవర్గాన్ని రద్దుచేసి, మెరీన్ పరేడ్–బ్రాడెల్ హైట్స్ అనే ఐదుగురు సభ్యుల జీఆర్‌సీలో (కొందరు ఎంపీలను కలిపి ఎన్నుకునే ఉమ్మడి నియోజకవర్గం) కలిపేశారు. జీఆర్‌సీలో పార్టీలు ఒక్కొక్కరిని కాదు, జట్టును నిలబెడతాయి. అందులో కనీసం ఒకరు మలయ్, ఇండియన్ లేదా ఇతర మైనారిటీకి చెందినవారై ఉండాలి. 1988 నుంచీ ఇదే పద్ధతి. ఏప్రిల్ 23న నామినేషన్ల రోజు అక్కడ అధికార పార్టీ పీఏపీ (పీపుల్స్ యాక్షన్ పార్టీ) జట్టు ఒక్కటే మిగిలింది. అంతే, ఏకగ్రీవం. 1.3 లక్షలకు పైగా ఓటర్లకు మే 3న ఓటేసే పనే లేకపోయింది.

నాకు బాధ అనిపించేది ఇక్కడే. ఆ కమిటీని వేసేది ప్రధానమంత్రి, నివేదిక వెళ్ళేదీ ఆయనకే. పోలింగ్‌కు ఎనిమిది వారాలైనా లేకుండా గీతలు మారితే ఓటరుకు తన నియోజకవర్గం ఏదో తెలుసుకునే తీరిక ఎక్కడిది?

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే: ఎన్నికల శాఖ వెబ్‌సైట్‌లో సింగ్‌పాస్‌తో (ప్రభుత్వ డిజిటల్ గుర్తింపు) లాగిన్ అయి మీ పేరు, నియోజకవర్గం చూసుకోండి. జాబితా ఐడెంటిటీ కార్డు చిరునామానే పట్టుకుంటుంది, కాబట్టి ఇల్లు మారితే ముందు అది మార్పించండి.