పెళ్లితో ముగియని కథ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

బాల్యవివాహం మీద నువ్వు పంపిన కథ చదివాను. తండ్రిని కఠినాత్ముడిగా చిత్రించి, పెళ్లిపీటల మీద ఆ పిల్ల కన్నీళ్లతో కథ ముగించావు. నీ ఆగ్రహం నిజమైనది, దాన్ని వదులుకోకు. కానీ ఆ తండ్రి మనసులో వేసుకున్న లెక్క నాకెక్కడా కనబడలేదు.

పేదరికమే కారణమని ఒక్క మాటతో తేల్చేయడానికి వీల్లేదు. మగపెళ్లివారు కన్యాశుల్కం చెల్లించే ఆనవాయితీ ఉన్న సహారా దిగువ ఆఫ్రికాలో కరువు వస్తే బాలికల పెళ్లిళ్లు పెరుగుతున్నాయనీ, ఆడపిల్లవారు కట్నం ఇచ్చుకోవలసిన భారతదేశంలో అదే కరువుకు తగ్గుతున్నాయనీ ఆర్థికవేత్తల పరిశోధనలో తేలింది. ఒకే లేమి, సొమ్ము ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతుందన్నదాన్ని బట్టి, రెండు రకాలుగా పనిచేస్తోందన్నమాట. నీ కథలోని కుటుంబం ఇందులో ఏ వైపున ఉందో ముందు నువ్వు తెలుసుకోవాలి. హైస్కూలు దూరమై చదువు ఆగిన పిల్లను ఇంట్లో ఉంచుకుంటే పరువుకు ముప్పనీ, పెళ్లి చేస్తే రక్షణ దొరుకుతుందనీ నమ్మే పెద్దల భయాన్ని కూడా వెక్కిరించకుండా రాయి. తానూ చిన్నతనంలోనే కాపురానికి వచ్చిన తల్లి ఎందుకు అడ్డుచెప్పలేదో అడుగు.

ఆ పిల్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం పెళ్లి తర్వాతే ఉంది. 10-19 ఏళ్ల తల్లులకు, 20-24 ఏళ్లవారితో పోలిస్తే, ఎక్లాంప్సియా (రక్తపోటు పెరిగి మూర్ఛలు రావడం), ప్రసవానంతర ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదుగుదల పూర్తికాని శరీరంలో ప్రసవం రోజుల తరబడి సాగి, బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయం చిల్లుపడి, మూత్రం ఆగక, ఆ కారణంగానే భర్త వదిలేసిన ఆడపిల్లలున్నారు. ఫిస్టులా అని పిలిచే ఈ చిల్లు సకాలంలో సిజేరియన్ అందే చోట అరుదు. కనుక ఆ ఊరికి ఆసుపత్రి ఎంత దూరమో నీ కథ చెప్పాలి. ఏటా సుమారు 1.2 కోట్ల మంది బాలికలకు 18 ఏళ్లు నిండకుండానే పెళ్లవుతోందని యూనిసెఫ్ అంచనా. ఆ అంకె కథలోకి రానవసరం లేదు గానీ, రాస్తున్నంతసేపూ నీకు గుర్తుండాలి.

తిరగరాసేటప్పుడు పెళ్లయిన రెండో ఏడాది నుంచి మొదలుపెట్టు. ఇంట్లో డబ్బు గురించి, బిడ్డ ఎప్పుడన్నదాని గురించి ఆ పిల్ల మాట ఎవరైనా వింటున్నారా, ఆగిన చదువును మళ్లీ అందుకునే దారి ఏదైనా ఉందా అన్నవి వివరంగా రాయి. పూర్తయ్యాక పంపించు, తప్పక చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి