ఎంపీఐ ప్రోగ్రామ్‌లో సీక్_సెట్ ఎర్రర్ ఎందుకు వస్తుంది?

సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునేందుకున్న ప్రమాణం) ప్రోగ్రామ్‌ను, ఆ ప్రమాణాన్ని అమలు చేసే ఎంపిచ్ లైబ్రరీతో కంపైల్ చేస్తే, సీక్_సెట్ ముందే డిఫైన్ అయి ఉందంటూ ఆగిపోతోందన్నారు. మీ లాజిక్‌లో తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. స్టాండర్డ్ ఐఓ హెడర్‌లో సీక్_సెట్, సీక్_కర్, సీక్_ఎండ్ మాక్రోలు, అంటే కంపైల్‌కు ముందే ప్రీప్రాసెసర్ విలువలుగా మార్చేసే పేర్లు. ఎంపీఐ-2 సీ ప్లస్ ప్లస్ బైండింగ్స్‌లో (ఎంపీఐని సీ ప్లస్ ప్లస్ పద్ధతిలో వాడే ఇంటర్‌ఫేస్) అవే పేర్లు నేమ్‌స్పేస్ (పేర్లను విడిగా ఉంచే గది) లోపలి స్థిరాంకాలు. మాక్రోకు నేమ్‌స్పేస్ గోడలు తెలియవు; ఆ పేరు కనిపించిన చోటల్లా ప్రీప్రాసెసర్ అంకె పెట్టేస్తుంది.

ఎంపీఐ హెడర్‌ను అన్నిటికన్నా పైన పెట్టండి, ఐఓస్ట్రీమ్ కన్నా కూడా. ఐఓస్ట్రీమ్ చాలాసార్లు స్టాండర్డ్ ఐఓను చాటుగా లాక్కొస్తుంది! కుదరకపోతే కంపైల్ చేసేటప్పుడు ఎంపిచ్_ఇగ్నోర్_సీఎక్స్ఎక్స్_సీక్ డిఫైన్ చేయండి. ఆ బైండింగ్స్ వాడకపోతే ఎంపిచ్_స్కిప్_ఎంపీఐసీఎక్స్ఎక్స్ ఇంకా మేలు. 2012లో వచ్చిన ఎంపీఐ-3.0 ప్రమాణం వాటిని ఎలాగూ తీసేసింది.